పాఠశాలలలో విద్యార్థి యంత్రసహాయక దళములు
(సికింద్రాబాదు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘము పాఠశాలలకు చేయుచున్న దానములను గూర్చి కార్యదర్శిగారు నివేదికలో చదివిరి. దాతల ఔదార్యమునకు చేతులెత్తి నమస్కరించుచున్నాము. అయినను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా మెలగిన మాకు ఒక్క మాట విన్నవించు అధికారము కలదని తలంచెదము. కంప్యూటరును దానము చేయుట సులభము. అది పనిచేయుచుండునట్లు చూచుట కష్టము. గోవును దానమిచ్చువాడు గడ్డిని గూర్చియు ఆలోచింపవలయును గదా!

మేము పనిచేసిన బడులలో నొకదానియందు జరిగిన సంగతి వినుడు. దాతలిచ్చిన కంప్యూటర్లలో రెండు ఒకనాడు ఆగిపోయెను. బాగుచేయువాడు రావలెనని జాబు వ్రాసిరి. అతడు వచ్చులోపల మిగిలినవియు చెడునేమో యను భయముచే గదికి తాళము వేసిరి. ఐదు మాసములకు అతడు వచ్చి చూడగా ఒకదానికి గోడయొద్ద తీగ ఊడియుండెను. రెండవదానికి తెరతీగ వదులైయుండెను. ఐదు నిమిషముల పనికై ఐదు మాసముల పాఠము చెడినది. ఆ తీగను సరిచేయగల బాలబాలికలు ఆ బడిలోనే పదిమంది యుండిరి. వారి నెవ్వరును అడుగలేదు. ఇంట కంప్యూటరు కలవానికి దీనివలన నష్టము లేదు. బడిలోనిది తప్ప వేరొకటి చూడని పేదపిల్లయే నష్టపోయినది.

ఇట్టి నష్టము నేడు మఱింత పెరుగవచ్చును. మన తెలంగాణమున 2022లో ఆరంభమైన ‘మన ఊరు - మన బడి’ ప్రణాళికలోని 12 అంశములలో డిజిటలు సౌకర్యములు ఒకటిగ నుండెను. పొరుగున ఆంధ్రప్రదేశమున ఆ సంవత్సరము డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులు పంచిరి. యంత్రములు లక్షలుగా బడి చేరుచున్నవి. వానిని కనిపెట్టుకొని యుండువా రెవరు? బడిలోని విద్యార్థులే యని మా మనవి.

ఇది క్రొత్తమాట కాదు. విద్యలో నాలుగవ వంతు గురువువలనను, నాలుగవ వంతు స్వబుద్ధివలనను, నాలుగవ వంతు సహాధ్యాయులవలనను, మిగిలినది కాలక్రమమునను లభించునని మన పెద్దలు లెక్కకట్టిరి. బళ్లారి కలెక్టరు కాంబెలు 1823లో వ్రాసిన నివేదికలో, ఆ జిల్లాలోని వీధిబడులయందు పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండువారును దాని ననుకరించిరని తెలిపెను. అంతకుముందే మదరాసు అనాథబాలుర పాఠశాలలో ఆ రీతిని నడపిన ఆండ్రూ బెల్లు 1797లో లండనున దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మన అరుగుమీది పద్ధతి సముద్రము దాటినది. మన కంప్యూటరు గదిలోనికి మాత్రము రాలేదు.

కేరళమున వచ్చినది. అచ్చట 2018లో ‘లిటిల్ కైట్స్’ అను విద్యార్థి సంఘములను ఉన్నత పాఠశాలలలో నెలకొల్పిరి. ఎనిమిదవ తరగతి పిల్లలను పరీక్షించి చేర్చుకొని, యంత్రముల సంరక్షణము, మాతృభాషలో కంప్యూటరు వాడుక, బొమ్మల చలనచిత్రములు, అంతర్జాల భద్రత మొదలగునవి నేర్పుచున్నారు. 2022లో తల్లులకు అంతర్జాల భద్రతను బోధించుటలో ఈ పిల్లలును పాల్గొనిరి. మన యిండ్లలో మాత్రము జరిగినదేమి? కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, పాఠములు టీశాటు, దూరదర్శను యాదగిరి ప్రసారములలో వచ్చుచుండగా తాతకు ఫోను నేర్పినది మనుమరాలే. ఆ నేర్పు ఇంటికి పనికివచ్చి బడికి పనికిరాకపోవునా?

సికింద్రాబాదు వాసులకు చేతిపని గౌరవమును వేరుగ చెప్పనక్కరలేదు. 1862లో మహబూబు కళాశాలకు పునాదిపడిన ఊరిది. 1893 ఫిబ్రవరి 13వ తేదీన స్వామి వివేకానందు డచ్చట ప్రసంగించెను. లాలాగూడ రైలుపెట్టెల కర్మాగారము ఆ 1893లోనే వెలసినది. పుస్తకవిద్యయు పనిముట్టువిద్యయు ఇరుగుపొరుగున పెరిగిన పట్టణము మనది. నేడు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున కంప్యూటరు భాగములు కొల్లలుగ దొరకును. సరకు దాపుననే యున్నది. కావలసినది ఏర్పాటు.

మాకు తోచిన ఏర్పా టిది. ప్రతి పాఠశాలయందు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులనుండి పండ్రెండుగురతో దళము కూర్చవలయును. అందు సగముమంది బాలికలు ఉండవలయును; లేనిచో బాలురే తెరముందు కూర్చుండి, బాలికలు వెనుక నిలువబడుదురు. ఒక ఉపాధ్యాయుడు పెద్దగా నుండవలయును. వారమున కొక గంట నియమింపవలయును. ఒక రిజిస్టరునందు తేది, యంత్రము సంఖ్య, కనబడిన దోషము, చేసిన చికిత్స, చేసినవారి పేరు వ్రాయవలయును. వైద్యుడు రోగలక్షణము నడిగినట్లు యంత్రలక్షణము నడుగుట నేర్చిన బాలునికి తర్కశాస్త్రము సగము వచ్చినట్లే. తొమ్మిదవ తరగతివాడు దళము విడుచునాటికి ఏడవ తరగతివానికి తన పని నేర్పియుండవలయును.

హద్దులును ఉండవలయును. ఊడిన తీగ, చిక్కిన కాగితము, వెలుగని ప్రొజెక్టరు, నిండిన ట్యాబు, ఇవి పిల్లల పని. విద్యుత్తు పెట్టెను విప్పుట ఎన్నడును వారి పని కాదు. ఉపాధ్యాయుల పాసువర్డులు, మార్కుల పట్టికలు, ఇతరుల ఛాయాచిత్రములు వారు ముట్టరాదు. పాఠము మానిపించి పని చేయించుట అంతకన్న తప్పు. దళము విద్యకొఱకే గాని కూలి మిగుల్చుకొనుటకు గాదు.

పిల్లలు పాడుచేయుదురని కొందరు భయపడుదురు. పాడుచేయవచ్చును. కాని తాళము వేసిన గదిలో దుమ్ము అంతకన్న నిశ్చయముగ పాడుచేయును. పలక పగులునని ఓనమాలు మానుకొన్న తండ్రి కలడా?

తుదకు దాతలకు రెండు ప్రార్థనలు. యంత్రములకై మీరిచ్చు ప్రతి పది రూపాయలలో ఒకటి వాని సంరక్షణమునకును, దళము శిక్షణకును ప్రత్యేకింపుడు. రెండవది, మన ధనముతో నడచు దళములో చేర వచ్చిన పిల్లను ఏ కులమని అడుగకుడు. ఇది కులసభలో చెప్పదగిన మాటయా యని కొందరు అనుకొనవచ్చును. ఇచ్చటనే చెప్పదగినదని మా అభిప్రాయము. ఒక గదిలో చదువు పిల్లలలో కొందరికే నేర్పినచో సహాధ్యాయులవలన రావలసిన నాలుగవ వంతు మన బిడ్డలకును దక్కదు. ఇచ్చినకొలది పెరుగు ధనము విద్యయొక్కటే గదా!

ఈ సంవత్సరము సికింద్రాబాదులో ఒక్క ప్రభుత్వ పాఠశాలయందైనను ఈ పని ఆరంభమగునట్లు కార్యవర్గము తీర్మానించుగాక యని కోరుచున్నాము.