మల్లీశ్వరి పల్లకి



పల్లెటూరి పిల్ల పల్లకి నెక్కి రాజమందిరమునకు పోయెనన్న కథ వినినంతనే ఎల్లరును సంతోషింతురు. ఆ సంతోషము సరియైనదా యని యడిగిన చిత్రము ‘మల్లీశ్వరి’. 1951వ సంవత్సరమున వాహినీ వారి పక్షమున బి. ఎన్. రెడ్డిగారు దీనిని తీసిరి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. భానుమతిగారు మల్లీశ్వరిగను, ఎన్. టి. రామారావుగారు నాగరాజుగను నటించిరి. కథాకాలము, 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయల కాలము.

నాగరాజు మల్లికి బావ, శిల్పి. ఒక వానరాత్రి వారు సత్రమున తలదాచుకొనిరి. మారువేషమున వచ్చిన రాయలును, అల్లసాని పెద్దనయు మల్లి యాటపాటలను మెచ్చిరి. వారెవ్వరో యెరుగని నాగరాజు, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకి పంపింపుడని పరిహాసమాడెను. బీదవాడని మల్లి తల్లి యతనికి పిల్లనీయ నిరాకరింపగా, ధనమార్జించుటకై అతడు ఊరు విడిచెను. అంతలో పల్లకి నిజముగనే వచ్చెను. అతడు ధనముతో తిరిగి వచ్చునప్పటికి మల్లి లేదు.

లోకులకిది ఉన్నతి. కాని జమ యొక్కటే వ్రాసిన లెక్క లెక్క కాదు. జమలో నగలు, పట్టుబట్టలు, రాణివాసము కలవు. ఖర్చులో పుట్టినూరు, బావ, గడప దాటు స్వేచ్ఛ కలవు. ఈ కథలో దుర్మార్గుడు లేడు. బావది పరిహాసము, రాజుది ఔదార్యము, తల్లిది ఆశ. మల్లి యిష్టమును అడిగినవారు మాత్రము లేరు. కాళిదాసుని శకుంతల తాను వరించినవాని కొరకు రాజధానికి పోయెను. అచ్చట నిరాకరింపబడినను ఆ ప్రయాణము ఆమె కోరినదే. మల్లి ప్రయాణము ఇతరులు కోరినది.

తుదకు నాగరాజు అంతఃపురమున పట్టుబడి మరణదండనకు పాత్రుడయ్యెను. రాయలు నిజము తెలిసికొని, క్షమించి, ఇరువురను విడిచిపుచ్చెను. ముందుగా ఒక్క ప్రశ్న యడిగియుండిన ఇంత దుఃఖము లేకపోవును.

నేటికిని సంబంధము చూచు పెద్దలు మేడలను, పొలములను, ఉద్యోగములను లెక్కింతురు; పిల్ల నడుగుట మరతురు. గ్రంథాలయమునకు వచ్చి చదువుకొనిన బాలిక తన మాట తాను చెప్పుకొనగలదు. ఆ మాట వినుట పెద్దల వంతు. పల్లకి వాకిట నిలిచిన తరువాత కాదు, అంతకు ముందే వినవలెను.

స్వస్తి.