కోతల పండుగ వేలంపాట



వడ్లు కల్లాలకు చేరే రోజుల్లో మన పల్లెల్లో ఒక పండుగ జరుగుతుంది. క్యాలెండరులో దానికి ఎర్ర అంకె ఉండదు, బడికి సెలవుండదు, ఫలానా తారీకని కూడా ఉండదు. ఊళ్లో కోతలు ఎప్పుడు అయిపోతే అప్పుడు, సంఘం పెద్దలు కూర్చుని ఏ ఆదివారమంటే ఆ ఆదివారం. క్రైస్తవుల కోతల పండుగ అది. కొందరు పంట పండుగ అంటారు, కొందరు ప్రథమ ఫలాల పండుగ అంటారు, చదువుకున్న పిల్లలు హార్వెస్టు అనేస్తారు. ఈ పూట ఆ పండుగ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఆ రోజు గుళ్లో పోగైన గింజ ఎంత దూరం పోతుందో చెప్పాలని ఉంది. చర్చి అనగానే పైదేశాల డబ్బు అనే మాట మనకు నోటికి అలవాటైపోయింది. ఇక్కడి నుంచి పైదేశాలకు పోయిన కానుక సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

కాజీపేట దాటి లోపలికి వెళితే ధర్మసాగర్ వస్తుంది. ఓరుగల్లు నగరం తాగే నీళ్లకు పెద్ద ఆధారం ఆ చెరువే. దేవాదుల పథకం వచ్చాక గోదావరి నీళ్లను కూడా ఎత్తి అందులో పోస్తున్నారు. ఎల్కుర్తి, ముప్పారం, ఉనికిచర్ల, తాటికాయల, ఇలా చుట్టూ ఉన్న ఊళ్లలో వరి, పత్తి, మక్క పండుతాయి. దసరా, బతుకమ్మ వెళ్లాక వానాకాలం వరి పసుపు తిరుగుతుంది. అక్కడి నుంచి క్రిస్మసు దాకా రైతుకు ఊపిరాడదు. కోతల పండుగ ఆ మధ్యలోనే ఎక్కడో పడుతుంది.

ఈ ప్రాంతానికి క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి హనుమకొండ దారి. అమెరికా బాప్టిస్టు మిషను తరఫున ఆల్బర్ట్ లాఫ్రిడ్జ్ 1879లో అక్కడ కేంద్రం తెరిచాడు. రెండోది కథోలికుల దారి. ఒక బిషప్పు పరిధిని వాళ్లు మేత్రాసనం అంటారు. హైదరాబాదు మేత్రాసనం నుంచి విడదీసి 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభ గురువు అల్ఫోన్సో బెరెట్టా దాని మొదటి పీఠాధిపతి. కాజీపేట ఫాతిమానగర్ దాని కేంద్రం. కథోలికులు తమ స్థానిక సంఘాన్ని విచారణ అంటారు, దాన్ని చూసుకునే ఫాదరు విచారణ గురువు. బాప్టిస్టులకైతే సంఘం, పాస్టరుగారు, డీకన్లు. పేర్లు వేరైనా పంట రోజుల్లో రెండు గుళ్ల ముందూ కనిపించే సందడి మాత్రం ఒకటే.

ఆ ఆదివారం పొద్దున గుమ్మం దాటి లోపలికి వెళ్తే ముందు ముక్కుకు తగిలేది కొత్త వడ్ల వాసన. బలిపీఠం ముందో, ప్రసంగ వేదిక ముందో చాప పరిచి ఉంటుంది. దాని మీద వడ్ల బస్తాలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, సొరకాయలు, చింతపండు ముద్దలు, కందులు, పెసలు, స్టీలు గిన్నెలో గుడ్లు. పత్తి రైతు ఒక గంపెడు పత్తి తెస్తాడు. భూమి లేనివాళ్లు ఆ రోజు కూలి డబ్బులు కవరులో పెట్టి తెస్తారు. కాళ్లకు తాడు కట్టిన కోళ్లు చాప చివర పడుకుని ఉంటాయి, పాట మొదలవగానే అవీ గొంతు కలుపుతాయి. మేక వస్తే గుడి బయట వేపచెట్టుకు కట్టేస్తారు. ప్రార్థన, వాక్యం, కానుకల అర్పణ అయ్యాక అసలు తతంగం మొదలవుతుంది. అదే వేలంపాట.

నా దృష్టిలో ఈ పండుగ ప్రాణమంతా ఆ వేలంపాటలోనే ఉంది. సంఘంలో గొంతున్న మనిషిని ఒకాయన్ని నిలబెడతారు. ఆయన కోడిని పైకెత్తి, దాని బరువు, వయసు, వంశం అన్నీ కల్పించి చెబుతాడు. వంద అంటారు ఒకరు. నూట యాభై. ఒకటోసారి, రెండోసారి అంటూ ఊరించి మూడోసారి అనేలోపు వెనక నుంచి ఎవరో మూడు వందలు అంటారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ పండుగకని వచ్చిన కొడుకులు, హనుమకొండలో టీచర్లుగా ఉన్న కూతుళ్లు పాట పెంచుతారు. కొన్నవాడు కోడిని ఇంటికి తీసుకుపోవాలిగదా? చాలామంది తీసుకుపోరు. డబ్బు కట్టి, కోడిని మళ్లీ పాటకే పెట్టమంటారు. అలా ఒకే కోడి రెండు మూడు చేతులు మారుతుంది, గుడికి రెండు మూడు కోళ్ల ధర వస్తుంది. ఎవరెంత పాడారన్నది వారం రోజులు ఊళ్లో నడిచే ముచ్చట. ఇందులో డాబు లేదా అంటే ఉంది. కుడి చేత్తో ఇచ్చేది ఎడమ చేతికి తెలియకూడదన్న బోధకు ఇది కొంచెం ఎదురు పోతుందని పాస్టర్లే నవ్వుతూ ఒప్పుకుంటారు. అయితే ఒక ముసలమ్మ తెచ్చిన నాలుగు గుడ్లకు మార్కెట్టులో ఏనాడూ రాని ధర అక్కడ పలుకుతుంది. ఆమె ఇచ్చింది చిన్నదని ఆ గుడిలో ఇంకెవరూ అనలేరు.

ఇప్పటి రూపంలో ఈ కృతజ్ఞతా ఆరాధనను ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన మార్వెన్‌స్టో అనే ఊరి పాదిరి రాబర్ట్ హాకర్ 1843లో మొదలుపెట్టాడని చెబుతారు. మొదటి పండ్లను గంపలో పెట్టి గుడికి తేవాలన్న నియమం అంతకు వేల ఏళ్ల ముందే మోషే ధర్మశాస్త్రంలో ఉంది. పొలం అంచులు మొత్తం కోసేయొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టండి అని కూడా ఆ శాస్త్రమే చెప్పింది. బోయజు పొలంలో పరిగె ఏరుకున్న రూతు పరదేశి పిల్లే, మోయాబు దేశస్థురాలు. పంటకూ పరదేశికీ ఉన్న ఈ లంకె ఈ పండుగలో మొదటి నుంచీ ఉన్నదే.

మరి పోగైన డబ్బు ఏమవుతుంది? చాలావరకు ఊరి గుడికే. కరెంటు బిల్లు, పైకప్పు రేకులు, పాస్టరుగారి జీతం, ఎవరింట్లోనో జబ్బు. కొంత పైకి, అంటే మేత్రాసనానికో, సమాజాలకో వెళుతుంది. దానిలోంచి కొంత ఊరు దాటి, రాష్ట్రం దాటి, ఒక్కోసారి సముద్రం కూడా దాటింది. అదెలాగో చెబుతాను.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు చేరింది. అక్కడి నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ అదే. 1911 దాకా అలా వెళ్లినవాళ్లు 1,52,000 మందికి పైనే. వాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పోయిన వాళ్లలో బాప్టిస్టులు కొందరు. చెరకు గడల మధ్య తెలుగులో ప్రార్థన చేసుకోవడానికి, పిల్లలకు పేరు పెట్టడానికి, చనిపోయినవాళ్లకు మట్టి వేయడానికి వాళ్లకొక మనిషి కావాలి. కబురు నెల్లూరికి వచ్చింది. అమెరికా మిషనరీలకు అప్పజెప్పకుండా తెలుగు బాప్టిస్టు హోమ్ మిషను సొసైటీ తానే ముందుకొచ్చి 1903లో జాన్ రంగయ్య అనే తెలుగు పాస్టరును కుటుంబంతో సహా ఓడ ఎక్కించింది. అదే ఏడాది డిసెంబరులో కియర్స్నీ అనే చోట, హ్యూలెట్ అనే దొర టీ తోటలో, తెలుగు బాప్టిస్టు సంఘం కట్టారు. 1914 నాటికి అలాంటి సంఘాలన్నీ కలిసి నేటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషనుగా ఏర్పడ్డాయి. 1915లో రంగయ్య ఆ దేశంలోనే కన్నుమూశారు. తర్వాత ఆయన కొడుకు థియోఫిలస్ అదే పని అందుకున్నారు.

ఈ కథలో నన్ను పట్టి లాగేది డబ్బు సంగతి. అప్పటి తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువమంది దళితవాడల వాళ్లు. సొంత భూమి లేదు, ఏడాదిలో సగం రోజులు గంజి. అంతకు పాతికేళ్ల ముందు 1876–78 కరువులో ప్రాణాలు దక్కించుకోవడానికి బకింగ్‌హామ్ కాలువ తవ్విన వాళ్లూ, వాళ్ల పిల్లలూనూ. అలాంటివాళ్ల సంఘాలు తమ పాస్టరుకు జీతమివ్వడమే గగనం, పైగా సముద్రం అవతల ఇంకొకరిని పోషించాలి! వాళ్ల చేతిలో నాలుగు గింజలాడేది కోతల రోజుల్లోనే. మిగతా రోజుల్లో పిడికెడు బియ్యమే ఆధారం.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం చెబుతాను. ఇంటావిడ పొద్దున ఎసట్లో పోయడానికి బియ్యం కొలుస్తుంది. పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న ముంతలో వేస్తుంది. రాత్రికీ అంతే. ఆదివారం ఆ ముంతతోనే గుడికి వెళుతుంది. పిడికిట్లో నలభై గ్రాములు పడతాయనుకుంటే రెండు పూటలకు ఎనభై, ఏడాది తిరిగేసరికి ఇరవై తొమ్మిది కిలోలు. ఇవాళ కిరాణా కొట్లో దొరికే పాతిక కిలోల బస్తా నిండి ఇంకా మిగులుతుంది. ఆ ఇంటి తిండిలోంచి తీసినదే అదంతా, దాచుకున్న డబ్బు కాదు. ఇదే పద్ధతి మిజోరంలో 1910లో మొదలై ఈనాటికీ నడుస్తోంది. అక్కడి ఆడవాళ్లు పోగుచేసే బియ్యంతో ప్రెస్బిటేరియన్ చర్చి బయటి రాష్ట్రాలకు సేవకులను పంపుతుంది.

మనకు పక్కనే ఉన్న దోర్నకల్‌కు ఈ లెక్క ఇంకో వైపు నుంచి వర్తిస్తుంది. సరిగ్గా 1903లోనే తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, డబ్బూ మనుషులూ తామే సమకూర్చుకుని తెలుగు దేశానికి వచ్చారు. వాళ్లకు మన భాష రాదు, మన తిండి పడదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆ పని మీదే దోర్నకల్ చేరి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. బీదవాడికి ఇవ్వడానికి ఏముంటుందని అడిగితే ఆయన ఒప్పుకునేవారు కాదు. ఇచ్చే హక్కు బీదవాడికి కూడా ఉందన్నది ఆయన పట్టు, ఆ విషయం మీద పుస్తకమే రాశారు. దోర్నకల్ మేత్రాసనంలో కోతల పండుగ అంత పెద్ద పండుగ కావడం వెనక ఆ పట్టు ఉంది.

ఇక కథోలికుల ఏర్పాటు వేరు. అక్టోబరులో చివరి ఆదివారానికి ముందొచ్చే ఆదివారాన్ని మిషను ఆదివారం అంటారు. పదకొండవ పయస్ పోపు 1926లో దీన్ని ప్రకటించాడు. ఆ రోజు ప్రపంచంలో ప్రతి విచారణలోనూ పళ్లెం తిరుగుతుంది. రోములోనూ, న్యూయార్కులోనూ, మన ధర్మసాగర్ చుట్టుపక్కల విచారణల్లోనూ. పడిన డబ్బంతా ఒకే నిధికి చేరి, అక్కడి నుంచి అవసరమున్న మేత్రాసనాలకు వెళుతుంది, అది ఆఫ్రికా కావచ్చు, పసిఫిక్ దీవులు కావచ్చు. ఇక్కడి పల్లె గుడి ఆ నిధి నుంచి తీసుకునేదీ కావచ్చు, అయినా తన వంతు వెయ్యకుండా ఉండదు. ఈ ఏర్పాటుకు మూలం ఫ్రాన్సులో లియోన్ పట్టణం. పట్టు మగ్గాల ఊరు అది. పౌలీన్ జరికో అనే యువతి అక్కడి పనివాళ్లను పదేసి మందిగా జట్లు కట్టించి, వారానికొక చిల్లర నాణెం చొప్పున పోగుచేసింది. 1822లో దాన్నుంచే విశ్వాస వ్యాప్తి సంఘం పుట్టింది. నేతన్నల చిల్లరతో మొదలైన పళ్లెం రెండు వందల ఏళ్లు తిరిగి మన వరి రైతుల ముందుకొచ్చింది. ఇటలీ నుంచి గురువులను మనకు పంపిన పీమే సభలో ఇవాళ తెలుగు ఫాదర్లు కూడా ఉన్నారు, పైదేశాల్లో పనిచేస్తున్నారు.

ఈ మధ్య పండుగ కొంత మారింది. వరి కోసేది యంత్రం. ఎకరం మడి గంటలో ఊడ్చేస్తుంది, పరిగె ఏరే ముసలమ్మలకు మడిలో పనిలేదు. వడ్లు పొలం నుంచి నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతాయి, తేమ పదిహేడు శాతం దాటితే అక్కడే రోజుల తరబడి ఆరబోత. ఇల్లు చేరని గింజ గుడికెలా చేరుతుంది? దాంతో బస్తాలు తగ్గి కవర్లు పెరిగాయి, ఫోనులో పంపేవాళ్లూ ఉన్నారు. లెక్క సులువే, అయితే ఫోనులో వచ్చిన ఐదు వందలను పైకెత్తి వేలం వేయలేం కదా! అందుకేనేమో చాలాచోట్ల ఉద్యోగస్తులు కూడా బజారులో గుమ్మడికాయో కొబ్బరికాయలో కొని తెచ్చి చాప మీద పెడుతున్నారు, పాట ఆగకూడదని.

చూడాలనిపిస్తే నవంబరు, డిసెంబరు ఆదివారాల్లో ధర్మసాగర్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అడగండి, తారీకు చెబుతారు. ఏ మతం వాళ్లయినా వెళ్లొచ్చు, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. వెనక వరుసలో కూర్చుంటే తప్పించుకోవచ్చనుకోకండి, కొత్త మొహం కనబడితే పాట పాడే ఆయన కోడిని ముందుగా మీవైపే తిప్పుతాడు. జేబులో చిల్లర ఉంచుకోండి.