గర్భాశయ ముఖద్వారపు కాన్సరు: మూడు తరాల నమ్మకాలు

కాన్సరును మన ఇండ్లలో పెద్దవారు పేరుపెట్టి పిలువరు. రాచపుండు అంటారు, కాదంటే "ఆ జబ్బు" అని ఊరుకుంటారు. అందులోనూ అది గర్భాశయ ముఖద్వారానికి వచ్చేదైతే తల్లీకూతుళ్ల మధ్యనైనా మాట సాగదు.

ఈ వ్యాధి పాపఫలమూ కాదు, శాపమూ కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ దీనికి మూలమని కనుగొన్నందుకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానం లభించినది. దాంపత్య జీవితంలో ఈ వైరస్ సోకనివారు అరుదు. చాలమందిలో తనంతట తానే పోతుంది. కాబట్టి రోగిష్ఠి స్త్రీ శీలాన్ని శంకించడం అజ్ఞానమే గాక క్రూరత్వం కూడాను. పోక నిలిచిన కొద్దిమందిలో అది కాన్సరుగా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏండ్లు పడుతుంది.

ఇంత గడువున్నా మనం దానిని వినియోగించుకొనడం లేదు. నొప్పి లేదు గనుక జబ్బు లేదని నడివయస్సు స్త్రీల ధీమా. కాన్సరుకు ముందటి మార్పులకు నొప్పి ఉండనే ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

ధీమా ఇట్లుండగా, భయం మరొక వైపు లాగుతున్నది. తెల్లబట్ట అవుతున్నదని వైద్యునికి చూపించుకొనబోయి, "ముందు ముందు కాన్సరు కావచ్చు" అన్న మాట విని, అప్పుచేసి, ముప్పది ఏండ్లకే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. ఆ సర్వేలోనే ఈ శస్త్రచికిత్స దేశంలోకెల్ల హెచ్చుగా కనబడినది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో. తెల్లబట్ట చాలవరకు మందులతో నయమయ్యేది. దుర్వాసనతోగాని నెత్తురుజీరతోగాని కనబడితే మాత్రం పరీక్ష తప్పదు. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తొలగిస్తే చిన్నవయస్సులోనే ఎముకలు గుల్లబారుతాయి. నిమిషాలలో ముగిసే పరీక్షకు సిగ్గుపడే ఇల్లాలు ఇంత పెద్ద కోతకు ఒప్పుకొనడం విచిత్రం!

ముట్లుడిగినవి గనుక గర్భసంచితో ఇక పేచీ లేదని అవ్వలు అనుకుంటారు. ఏడాది గడచిన తరువాత ఒక్క చుక్క నెత్తురు కనబడినా, మళ్లీ బయటచేరానేమోనని నవ్వి ఊరుకొనరాదు.

ఇక బాలికల సంగతి. వైరస్ సోకకముందే, 9–14 ఏండ్ల నడుమ, టీకా వేయించాలి. దీనివలన సంతానం కలుగదన్న వదంతికి ఆధారం లేదు. అయితే తల్లుల సంకోచాన్ని మూఢత్వమని తోసివేయలేము. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకాలు వేసినపుడు తల్లిదండ్రుల అనుమతి సక్రమంగా తీసుకొనలేదు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయినది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలినా అనుమానం మిగిలిపోయినది.

టీకా పొందినవారికి కూడా పెద్దయిన తరువాత పరీక్ష అవసరమే. ముఖద్వారానికి పలుచని వెనిగరు వంటి ద్రవం అద్ది చూస్తారు. మార్పు చెందిన భాగం తెల్లబారుతుంది. ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలు అయిదేండ్లకొకసారి చేయించుకొనవలెనని మన దేశపు నియమం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ముట్టు రోజులు కాకుండా చూసుకొని వెళ్లండి.