నొప్పి కథను వినవలెను
(వినుకొండలో యాత్రికులనుద్దేశించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



సీతాపహరణ వార్తను శ్రీరామచంద్రుడు విన్న కొండ గనుక ఇది వినుకొండ అయినదని పెద్దలు చెప్పుదురు. వైద్యునికిని మొదటి పని వినుటయే.

ఇటీవల ఒక తల్లి వచ్చి, "కీళ్లవాతమయ్యా! ఇక స్వామి కొండ ఎక్కలేను" అని కన్నీరు పెట్టుకొన్నది. నెలల తరబడి నొప్పి బిళ్లలు మింగుచున్నది. "నొప్పి ఎక్కడమ్మా?" అని అడుగగా, మోకాలిచిప్పపై ఒకేచోట వేలు పెట్టి చూపినది. పని ఏమని అడుగగా, కల్లములో మోకాళ్లూని మిరప తాలుకాయలు ఏరుదునన్నది. చిప్పపై నీటితిత్తి వంటి మెత్తని వాపు ఉన్నది. కాలు మాత్రము చాలవరకు బాగుగనే వంగుచున్నది. అది కీళ్లవాతము కాదు, బర్సైటిస్.

ఎముకపై చర్మము, కండరము రాచుకొనకుండ భగవంతుడు అమర్చిన పలుచని సంచులే బర్సాలు. దేహమున ఇవి 140కి పైగా గలవు. ఒకేచోట నిత్యము ఒత్తిడి పడినను, దెబ్బ తగిలినను ఆ సంచి వాచును. మోకరిల్లి ప్రార్థించువారిని బట్టి ఇంగ్లండులో ఒక రకమునకు 'మతగురువు మోకాలు' అని పేరు వచ్చినది. తిరుమల కాలిబాటలో మోకాళ్ల పర్వతమును మోకాళ్లపై ఎక్కు భక్తులును ఈ సంగతి తెలిసికొనవలెను.

కీళ్లవాతమున తరచు పలు కీళ్లు నొచ్చును, ఉదయము బిగుసుకొనును. బర్సైటిస్‌లో నొక్కినచోటనే నొప్పి హెచ్చును. తుంటి పక్కనైతే ఆ వైపు పడుకొన్నప్పుడు, భుజమునైతే చేయి పైకెత్తినప్పుడు బాధించును. కావున వైద్యునితో నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పనిలో, ఏ భంగిమలో హెచ్చుచున్నది, పడితిరా, జ్వరమున్నదా, మధుమేహమో గౌటో కలదా అన్నవి దాచక చెప్పుడు.

ఒక హెచ్చరిక. వాపు ఎర్రబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో లోపల చీము చేరియుండవచ్చును. మధుమేహులకు ఈ ప్రమాదము అధికము. ఆనాడే వైద్యుని చూడవలెను. నూనె మర్దన, సూదితో పొడుచుట, వాత పెట్టుట ఎన్నడును కూడదు.

ఆ తల్లికి చీము లేదు. మోకాళ్లూనుట మాని ముక్కాలిపీటపై కూర్చుండి పని చేసికొన్నది. చన్నీటి గుడ్డ వేసికొన్నది. కొన్ని వారములకు వాపు తగ్గినది. తొలి ఏకాదశికి కొండపై శ్రీ రామలింగేశ్వరస్వామిని దర్శించినది.

మోకాళ్ల మొక్కు గలవారు మెత్తని గుడ్డ చుట్టుకొనుడు. అందువలన భక్తికి లోపము రాదు.

శుభం భూయాత్.