సూక్ష్మజీవుల సబ్బు

వట్లూరు చేలలో మందు చల్లుచున్న వేళ వరి ఆకును దగ్గరగా చూచినవారికి ఒక సంగతి తెలియును. తామరాకు మీద వలెనే దానిమీదను నీరు నిలువదు. ముత్యములై దొర్లి జారిపోవును. ఆకుపై నుండు సన్నని మైనపు పూతయే ఇందుకు కారణము. జారిన మందు చేలోని నీటిలో పడును, ఆ నీరు మురుగుకాలువకు, కాలువ కొల్లేటికి చేరును. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద గుర్తింపు పొందిన ఆ సరస్సునుండి సముద్రమునకు ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆకుకు అంటవలసిన రైతు సొమ్ము చేపకును, పక్షికిని విషమగుచున్నది. 2020 డిసెంబరులో ఏలూరులో ఐదువందలకు పైగా జనులు మూర్ఛ మొదలగు లక్షణములతో ఆసుపత్రి పాలైనపుడు, నిపుణులు అనుమానించినవానిలో పురుగుమందుల అవశేషములును ఉన్నవి.

మందు ఆకుకు అంటుటకై వేపకషాయములో సబ్బుపొడి కలుపుట మన రైతులెరిగినదే. సబ్బు నీటి తలతన్యతను తగ్గించును. కుంకుడుకాయ చేయు పనియు అదియే. కంటికి కానరాని జీవులును ఇట్టి పదార్థములను తయారు చేయుచున్నవి. మట్టిలో నుండు బాసిల్లస్ సబ్టిలిస్ అను బాక్టీరియా నుండి 1968లో జపాను శాస్త్రజ్ఞులు సర్ఫాక్టిన్‌ను వేరుచేసిరి. నీటి తలతన్యత మీటరునకు 72 మిల్లీన్యూటనులు కాగా, సర్ఫాక్టిన్ ఏ కొంచెము కలిపినను అది 27కు దిగును. బొట్టు చదునై ఆకుపై పరచుకొనును.

సూడోమోనాస్ అను మరియొక బాక్టీరియా చేయు రామ్నోలిపిడ్ల పని ఇంకను చిత్రమైనది. కొబ్బరికి మొవ్వుకుళ్లు తెచ్చు ఫైటోఫ్తోరా జాతి తన బీజములను నీటిలో ఈదుటకు విడుచును. ఈదు దశలో వానికి గట్టి గోడ ఉండదు, పలుచని పొర మాత్రమే ఉండును. రామ్నోలిపిడ్లు ఆ పొరను చీల్చివేయును. పని ముగిసిన పిమ్మట ఇవి మట్టిలో త్వరగా విచ్ఛిన్నమగును.

అయినను సహజమైనదంతయు నిరపాయమని మేము చెప్పము. సర్ఫాక్టిన్ మోతాదు మించినచో ఎర్ర రక్తకణములను చీల్చును. రామ్నోలిపిడ్ల నిచ్చు సూడోమోనాస్ ఎరుగినోసా బలహీనులైన మనుష్యులకు రోగము తెచ్చును. కావున జీవిని వేరుచేసి సరకును మాత్రమే వాడవలెను. ధర కూడ రసాయనిక సబ్బులకంటె ఎక్కువ. బెల్లపు మడ్డి, వాడిన నూనె వంటి చౌక వస్తువులపై ఈ జీవులను పెంచినచో ఆ భారము తగ్గవచ్చును. పామాయిలు తోటలు, వరి మిల్లులు గల మన సీమలో అట్టి వస్తువులకు కొదువ లేదు.

అందాక, బాసిల్లస్ సబ్టిలిస్ పొడి బజారులో దొరకుచున్నది. దానిని స్ట్రెప్టోసైక్లిన్ వంటి బాక్టీరియా నాశకములతో కలిపి చల్లుట వృథా. సాయంకాలము చల్లుట మేలు. ఏ మందు చల్లినను, డబ్బా కడిగిన నీటిని కాలువలో పోయక మరల చేలోనే చల్లవలెను.