తాత వేలిముద్ర, మనవరాలి లెక్క
(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు ఆసామి పద్దు పుస్తకంలో వేలిముద్ర వేశారు. ఎంత అప్పు రాశాడో, ఎంత కూలి కోశాడో వాళ్లకి తెలీదు. కరణం రాసిందే లెక్క. 1984లో కరణాలు పోయారు. కానీ లెక్క పుస్తకం ఇంకా మన చేతికి రాలేదు.

మన పిల్లలు తెలుగు మీడియంలో చదివి బి.కాం. పాసయ్యారు. డెబిట్, క్రెడిట్ తెలుసు, ట్యాలీ తెలుసు. హైదరాబాదులో విదేశీ కంపెనీ ఇంటర్వ్యూకి పోతే లెక్క దాకా రానివ్వరు, ఇంగ్లీషు దగ్గరే ఆపేస్తారు. గొంతు పెగలక తిరిగొస్తున్నారు. ప్రైవేటు కంపెనీల్లో మనకి రిజర్వేషన్ లేదు. దానికోసం కొట్లాడదాం, ఆపేది లేదు. ఈలోగా మన పిల్లలు గడప బయటే నిలబడిపోకూడదు.

లెక్కల పనికి కావలసిన ఇంగ్లీషు సముద్రమేం కాదు, ఊరి చెరువంత. ఈదొచ్చు.

మొదట అంకెలు. మన పది లక్షలు వాళ్లకి ఒక మిలియన్. మన కోటి పది మిలియన్లు. 3/4 అని తేదీ రాస్తే లండన్ వాళ్లకి ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకి మార్చి 4. బిల్లు గడువే తప్పిపోద్ది. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవ లేదు.

తర్వాత మాటలు. మార్చిలో కూలి చేశాం, డబ్బు ఏప్రిల్లో ఇచ్చారు. ఆ ఖర్చు మార్చి లెక్కలోనే రాయాలి. దాన్నే ‘ఎక్రూవల్’ అంటారు. మాట కొత్తది, సంగతి మనం పడ్డదే. ‘అవుట్‌స్టాండింగ్’ అంటే లెక్కల్లో గొప్పది అని కాదు, ఇంకా తీరని బాకీ.

మూడోది అడగడం. ఫోనులో ఫిఫ్టీన్ అన్నారో ఫిఫ్టీ అన్నారో తెలీకపోతే తలూపొద్దు. ‘వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?’ అని అడగాలి. ఎదురు అడక్కూడదని మనకి నేర్పింది ఊరు. లెక్క రాసేవాళ్లు అడిగి తీరాలి.

బాబాసాహెబ్ 1923లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్‌సి. పట్టా తీసుకున్నది రూపాయి సమస్య మీద చేసిన పరిశోధనకే. దొరల రూపాయి లెక్కని దొరల భాషలోనే, దొరల గడ్డ మీదే నిలదీశాడు.

కార్యకర్తలకి మనవి. వాడ బడిలో వారానికి రెండు సాయంత్రాలు కూర్చుందాం. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు పండక్కి వచ్చినప్పుడు ఇన్‌వాయిస్ ఎట్లా ఉంటదో, ఉత్తరం ఎట్లా రాస్తారో నల్లబల్ల మీద చూపించాలి. తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వొద్దు. ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.

తాత వేలిముద్ర వేసిన పుస్తకం ఇక మనవరాలు రాయాలి.

జై భీమ్!