ఫోను తీగలో కరెంటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

టెలిఫోన్ల పనిలో రిటైరైనవాణ్ణి, ఆ సంగతులే చెప్పమన్నారు.

ఎండాకాలం రాత్రి కరెంటు పోతే మార్కాపురం, కంభం, గిద్దలూరు అంతా చీకటే. అయినా ఫోను ఎత్తితే డయల్‌టోన్ వచ్చేది. ఆ కరెంటు మన ఇంటి మీటరుది కాదు. ఎక్స్ఛేంజీలో 2 వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపి పెడతారు, మొత్తం 48 వోల్టులు. సరఫరా ఆగితే ఆ బ్యాటరీ మోస్తుంది, అది దిగిపోయేలోపు డీజిల్ ఇంజను వేస్తారు. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదలైన సి-డాట్ పల్లె ఎక్స్ఛేంజీకి ఏసీ గది కూడా అక్కర్లేదు. మన ఎండలకు తగిన యంత్రం అంటే అదీ!

"48 వోల్టులు ఊరికే ఉన్నాయి గదా, ఒక బల్బు పెట్టుకుంటే ఏం పోయింది?" అని చాలామంది అడిగేవాళ్లు. లెక్క చూడండి. రిసీవరు ఎత్తగానే ఆ 48 కాస్తా ఏడెనిమిది వోల్టులకు పడిపోతుంది. పారేది 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్లు. గుణిస్తే వాటులో మూడో వంతుకు మించదు. చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది, అంతే. పాత సెల్‌ఫోను ఛార్జరుకే రెండున్నర వాట్లు కావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. తీగలో కాసింత కరెంటు పారిందంటే రిసీవరు ఎత్తారని ఎక్స్ఛేంజీ అనుకుంటుంది. కాసేపు డయల్‌టోన్ ఇచ్చి, నంబరు తిప్పకపోతే ఆ లైనును పక్కన పెట్టేస్తుంది. బయటినుంచి చేసేవాళ్లకు ఎంగేజే. పలకల ఫ్యాక్టరీకి ఆర్డరు కావచ్చు, ఆసుపత్రి నుంచి కబురు కావచ్చు, ఆ దీపం వెలిగినంతసేపూ రాదు. అందుకే నిబంధనలు కూడా ఒప్పుకోవు.

నంబరు చూపే కాలర్ ఐడీ ఫోనులో పెన్సిల్ సెల్లులు ఎందుకు వేసేవాళ్లమో ఇప్పుడు తెలిసిందా? ఫోను పెట్టి ఉన్నప్పుడు కూడా దాని తెర పనిచేయాలి, లైనునుంచి తీసుకోకూడదు. ఎత్తినప్పుడు మాత్రం మాట, అంకెల మీటలు అన్నీ లైను కరెంటుతోనే నడిచేవి.

లైనుకు అడ్డం రాని దీపం ఒకటుంది, నాకు భలే ఇష్టం. రింగు వచ్చేటప్పుడు తీగలోకి 75 వోల్టుల ఏసీ వస్తుంది. (తీగ పట్టుకుని ఉన్నవాడికి అది బాగా తెలుస్తుంది!) ఒక కెపాసిటరు, రెసిస్టరు, చిన్న నియాన్ బల్బు కలిపి పెడితే రింగైనప్పుడే మెరుస్తుంది, మిగతా వేళ ఏమీ తాగదు. చెవులు వినపడని పెద్దలకు అదే గంట.

ఇప్పుడు ఇళ్లకు వస్తున్నది ఫైబరు. గాజు పోగులో వెలుతురు పోతుంది గానీ కరెంటు పోదు. ఇంట్లో కరెంటు పోతే గోడమీది పెట్టె ఆరిపోతుంది, ఫోను మూగబోతుంది. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో ఉండి, ఇక్కడ అమ్మానాన్నలు ఇద్దరే ఉన్న ఇళ్లు మనలో ఎన్నో. ఆ పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దానికి సరిపడే చిన్న బ్యాటరీ బ్యాకప్ దొరుకుతుంది. ఈసారి ఊరికి వచ్చినప్పుడు పెట్టించి, మెయిన్ ఆపి, ఫోను మోగుతుందో లేదో ఒకసారి చూసి వెళ్లండి.